ప్రాణాంతక అవకాశ క్రీడలు – గణాంకాల వక్రీకరణ

ప్రాణాంతక అవకాశ క్రీడలు అనగా ఫలితం పూర్తిగా గాని, చాలావరకు గాని యాదృచ్ఛికతపై ఆధారపడి ఉండి, అందులో పాల్గొన్నవారికి లేదా దగ్గరలో ఉన్నవారికి ప్రాణహాని కలిగించగల ఆటలు, పందాలు. ఇటువంటి ఆటలలోని ప్రమాదాన్ని అంకెలలో చెప్పినప్పుడు, అంకెలు సరైనవే అయినా వాటి నుండి తీసిన అర్థం తప్పుకావచ్చును. దీనినే గణాంకాల వక్రీకరణ అంటారు. "నూటికి ఎనభై మూడు మందికి ఏమీ కాదు", "పదేళ్ళుగా ఎవరూ చనిపోలేదు", "వేలమంది వస్తే ఒక్కరికే దెబ్బ తగిలింది" వంటి మాటలు ఈ కోవకు చెందుతాయి.

తెలుగువారికి సమీపంలో ఉన్న ఉదాహరణ కత్తి కట్టి ఆడే కోడి పందెం. ఖమ్మం, భద్రాచలం ప్రాంతాల అడవి అంచున, తెలంగాణ–ఆంధ్రప్రదేశ్ సరిహద్దుకు ఇరువైపులా సంక్రాంతి రోజులలో ఈ పందాలు జరుగుతుంటాయి. వీటిలో కోళ్ళే కాక మనుషులు కూడా చనిపోయిన ఘటనలు ఉన్నాయి. పందెంలో ఏ కోడి గెలుస్తుందన్నది కొంతవరకు పెంపకంపై ఆధారపడినా, ఎగిరిన కోడి కాలికున్న కత్తి ఎవరికి తగులుతుందన్నది యాదృచ్ఛికమే.

నేపథ్యం

అదృష్టంపై ఆధారపడిన ఆటలకు, లెక్కింపు విద్యకు ఉన్న సంబంధం భారతదేశంలో చాలా పాతది. మహాభారతం అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో ఋతుపర్ణ మహారాజు రథంలో ప్రయాణిస్తూ, ఒక తాని చెట్టు కొమ్మలలోని ఆకులను, కాయలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టకుండానే వాటి సంఖ్యను చెప్తాడు. బాహుకుని రూపంలో సారథిగా ఉన్న నలుడు లెక్కించి చూడగా ఆ సంఖ్య సరిపోతుంది. అప్పుడు ఋతుపర్ణుడు పాచికల రహస్యమైన అక్షహృదయాన్ని నలునికి ఉపదేశించి, అతని నుండి అశ్వహృదయమనే గుర్రపు విద్యను పొందేందుకు ఒప్పుకుంటాడు. ప్రాచీన కాలంలో తాని కాయలనే పాచికలుగా వాడేవారు. త్రిఫలాలలో ఒకటైన ఈ కాయనిచ్చే చెట్టు తూర్పు కనుమల అడవులలో నేటికీ కనిపిస్తుంది. కొద్ది భాగాన్ని చూసి మొత్తాన్ని అంచనా వేసే నమూనా పద్ధతికి ఈ కథ పాత నిదర్శనమని తత్త్వవేత్త ఇయాన్ హాకింగ్ 1975లో వెలువడిన తన గ్రంథంలో చర్చించాడు.

ఐరోపాలో 1654లో పాస్కల్, ఫెర్మా అనే ఫ్రెంచి గణితజ్ఞులు జూదపు పందెం సొమ్ము పంపకం గురించి రాసుకున్న ఉత్తరాలతో సంభావ్యతా సిద్ధాంతం రూపు దిద్దుకున్నది. ఆరింట ఒక వంతు మరణానికి అవకాశమున్న "రష్యన్ రూలెట్" అనే తుపాకీ పందెం పేరు 1937లో జార్జ్ సుర్డే రాసిన ఒక ఆంగ్ల కథ ద్వారా ప్రచారంలోకి వచ్చింది. సంభావ్యత పాఠాలలో ఇది హెచ్చరికగా తరచు ప్రస్తావనకు వస్తుంది.

ఒక్కసారి ప్రమాదం, పదేపదే ప్రమాదం

ఒక సంచిలో ఆరు గోళీలు ఉన్నాయనుకుందాము. అందులో ఒకటి ఎరుపు, ఐదు తెలుపు. ఎరుపు గోళీ వస్తే ఆట ముగిసినట్లు. ఒక్కసారి చేయి పెట్టినప్పుడు తప్పించుకునే సంభావ్యత 5/6, అనగా సుమారు 83 శాతం. తీసిన గోళీని ప్రతిసారీ తిరిగి సంచిలో వేస్తూ ఆటను కొనసాగిస్తే తప్పించుకునే సంభావ్యత ఈ విధంగా తగ్గుతుంది:

1 సారి – 83.3 శాతం
2 సార్లు – 69.4 శాతం
4 సార్లు – 48.2 శాతం
6 సార్లు – 33.5 శాతం
10 సార్లు – 16.2 శాతం
20 సార్లు – 2.6 శాతం

నాలుగవసారికే తప్పించుకునే అవకాశం సగానికంటె తగ్గిపోతుంది. తీసిన గోళీని తిరిగి వేయకపోతే ప్రమాదం ఇంకా వేగంగా పెరుగుతుంది. మూడుసార్లు తీసేసరికి ఎరుపు వచ్చే సంభావ్యత మొదటి పద్ధతిలో 42 శాతం కాగా, రెండవ పద్ధతిలో 50 శాతం. ఆరవసారికి మొదటి పద్ధతిలో 66.5 శాతం, రెండవ పద్ధతిలో నూటికి నూరు. కాబట్టి "83 శాతం క్షేమం" అన్న అంకె ఒక్క ప్రయత్నానికే చెల్లుతుంది. ఆటను అలవాటుగా మార్చుకున్నవానికి ఆ అంకె వర్తించదు.

వక్రీకరణ జరిగే తీరులు

బతికినవారి సాక్ష్యం

ప్రాణాంతకమైన ఆట ఆడినవారిని తరువాత ప్రశ్నిస్తే, సమాధానం చెప్పేవారందరూ బతికి ఉన్నవారే. ఆరుగురిలో ఐదుగురు "మాకేమీ కాలేదు" అని చెప్తారు. ఆరవవాని మాట వినబడదు. దీనిని ఉత్తరజీవుల పక్షపాతం అనవచ్చును. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అబ్రహాం వాల్డ్ అనే గణాంకవేత్త ఈ విషయాన్ని యుద్ధ విమానాల విషయంలో స్పష్టం చేశాడు. తిరిగి వచ్చిన విమానాలపై తూటాల గుర్తులు ఎక్కడ ఉన్నాయో చూసి అక్కడే రక్షణ కవచం పెంచడం సరికాదని, తిరిగి రాని విమానాలకు దెబ్బ తగిలిన చోటు ముఖ్యమని ఆయన విశ్లేషణ తెలిపింది. ఉపన్యాసాలకై భారతదేశానికి వచ్చిన వాల్డ్ 1950 డిసెంబరులో నీలగిరి కొండలలో జరిగిన విమాన ప్రమాదంలో మరణించాడు.

హారం ఎంపిక

ప్రమాదపు రేటు ఒక భిన్నం. మరణాలు లేదా గాయాలు లవం కాగా, ప్రమాదానికి గురైన జనసంఖ్య హారం. హారాన్ని పెంచితే భిన్నం విలువ తగ్గుతుంది. ఊహాత్మకంగా ఒక బరి వద్దకు 5,000 మంది వచ్చారని, వారిలో కత్తులు కట్టేవారు, కోళ్ళను వదిలేవారు కలిపి 40 మంది అని అనుకుందాము. ఆ 40 మందిలో ఒకరికి తీవ్రగాయమైతే "ఐదువేలలో ఒకరు" అని చెప్పవచ్చును. "నలభైలో ఒకరు" అనీ చెప్పవచ్చును. రెండూ అంకగణితం ప్రకారం సరైనవే. కాని కత్తి చేతపట్టే వ్యక్తికి పనికివచ్చేది రెండవ అంకె మాత్రమే.

సగటు

గోళీల ఆటలో ఎరుపు గోళీ రావడానికి పట్టే ప్రయత్నాల అంకమధ్యమం 6. దీనిని విని "సగటున ఆరుసార్లు ఆడవచ్చు" అని భావించడం పొరపాటు. మధ్యగతం 4 మాత్రమే, అనగా నాలుగవ ప్రయత్నం పూర్తయ్యేసరికే సగానికి పైగా ఆటగాళ్ళు ఓడిపోతారు. చాలాకాలం తప్పించుకున్న కొద్దిమంది వలన సగటు పైకి లేస్తుంది.

సున్నా మరణాలు

ఇంతవరకు ఎవరూ చనిపోలేదు కాబట్టి ప్రమాదం లేదనడం మరొక పొరపాటు. గణాంకశాస్త్రంలో "మూడు సూత్రం" అనేది ఒకటి ఉన్నది. ఒకే రకమైన స్వతంత్ర ప్రయత్నాలు ఎన్ని జరిగినా ఒక్క దుర్ఘటన కూడా నమోదు కాకపోతే, 3ను ఆ ప్రయత్నాల సంఖ్యతో భాగించగా వచ్చినంత ప్రమాదం వరకు ఉండవచ్చునని 95 శాతం విశ్వసనీయతతో చెప్తారు. 60 సార్లు ఏమీ జరగకపోతే ప్రమాదం ఇరవైకి ఒకటి వరకు ఉండవచ్చును. 300 సార్లు ఏమీ జరగకపోతే నూటికి ఒకటి వరకు ఉండవచ్చును. మౌనంగా ఉన్న లెక్క భద్రతకు హామీ కాదు.

గత ఫలితాలపై నమ్మకం

పాచికకు జ్ఞాపకం లేదు. మూడుసార్లు ఓడినవాడు నాలుగవసారి తప్పక గెలుస్తానని అనుకోవడాన్ని జూదరి భ్రమ అంటారు. ప్రాణాంతక ఆటలలో ఇది తలకిందులుగా కూడా పనిచేస్తుంది. ఇన్నాళ్ళు ఏమీ కాలేదు కాబట్టి ఇక మీదట కూడా కాదని ఆటగాడు నమ్ముతాడు. కోడి పందాలలో "కుక్కుట శాస్త్రం" పేరిట డేగ, కాకి, నెమలి వంటి రంగులను బట్టి, వారాన్ని, నక్షత్రాన్ని బట్టి గెలిచే కోడిని నిర్ణయించే సంప్రదాయం ఉన్నది. జోస్యం ఫలించిన సందర్భాలు జ్ఞాపకముండి, ఫలించనివి మరపున పడటం వలన దానిపై నమ్మకం బలపడుతుంది.

నమోదైన తీరు

ఒక సంఘటన లెక్కలోకి వచ్చే అవకాశం అన్ని సంఘటనలకు సమానంగా ఉండదు. ఇటువంటి అసమాన నమోదు వలన ఏర్పడే దోషాన్ని గణితపరంగా విశ్లేషించినవారిలో ముఖ్యుడు తెలుగువాడైన గణాంకశాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు (1920–2023). ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన, దత్తాంశాన్ని సేకరించిన పద్ధతి దాని రూపాన్నే ఎలా మార్చివేస్తుందో 1965లో ప్రచురించిన పరిశోధన పత్రంలో వివరించారు. ఈ భావన నేడు "భారిత విభాజనాలు" అనే పేరుతో గణాంకశాస్త్రంలో భాగమైనది.

ఖమ్మం–భద్రాచలం సరిహద్దులో కోడి పందాలు

భద్రాచలం పట్టణం 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నది. రాష్ట్ర విభజన సమయంలో, 2014లో, పోలవరం ముంపు ప్రాంతంలోని కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మొదలైన మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. దక్షిణాన సత్తుపల్లి, అశ్వారావుపేట మండలాలకు ఆవల చింతలపూడి, జీలుగుమిల్లి మండలాలు ఉన్నాయి. ఇవి 2022 ఏప్రిల్ వరకు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి, తరువాత ఏలూరు జిల్లాలో చేరాయి. సరిహద్దుకు ఇరువైపుల ప్రజలకు బంధుత్వాలు, సంతలు, పండుగలు ఉమ్మడి.

పందెం జరిగే స్థలాన్ని బరి అంటారు. కత్తి లేకుండా ఆడే పందాన్ని డింకీ పందెం అని, కోడి కాలికి పదునైన చిన్న కత్తి కట్టి ఆడేదాన్ని కత్తి పందెం అని వ్యవహరిస్తారు. బరి చుట్టూ చూపరుల మధ్య పై పందాలు సాగుతాయి. పక్కనే గుండాట, పేకాట వంటి జూదాలు కూడా నడుస్తుంటాయి.

మనుషుల మరణాలు

2020 జనవరిలో చింతలపూడి మండలం ప్రగడవరం గ్రామంలో కోడికత్తి గాయంతో ఒక వ్యక్తి మరణించాడు. 2021 ఫిబ్రవరిలో తెలంగాణలోని జగిత్యాల జిల్లా లొత్తునూరు గ్రామంలో కోడి కాలికున్న కత్తి గజ్జల భాగంలో దిగి, అధిక రక్తస్రావం వలన మరొక వ్యక్తి చనిపోయాడు. 2023 సంక్రాంతి రోజులలో తూర్పు గోదావరి జిల్లా నల్లజర్ల మండలం అనంతపల్లిలో ఒకరు, కాకినాడ జిల్లా కిర్లంపూడి మండలం వేలంకలో మరొకరు మరణించారు. వీరిలో ఒకరు పందెం చూస్తుండగా, మరొకరు కోడికి కత్తి కడుతుండగా గాయపడినట్లు వార్తలు వచ్చాయి. దీనిని బట్టి ప్రమాదం కోళ్ళను పట్టుకునేవారికే పరిమితం కాదని తెలుస్తున్నది.

తొడ, గజ్జల భాగంలో పెద్ద రక్తనాళాలు ఉంటాయి. కోడి ఎగిరే ఎత్తు కూడా సుమారు అదే. ఆ నాళం తెగితే కొద్ది నిమిషాలలోనే ప్రాణాపాయం కలుగుతుంది. గాయంపై శుభ్రమైన గుడ్డను గట్టిగా అదిమిపట్టి, వదలకుండా ఉంచి, 108 వాహనాన్ని పిలవడం వెంటనే చేయవలసిన పని.

లెక్క ఎక్కడ తప్పుతుంది

మరణ సంభావ్యత రెండు భాగాల గుణకారం. ఒకటి గాయపడే సంభావ్యత, రెండవది గాయపడితే చనిపోయే సంభావ్యత. పోలీసుల కంట పడకుండా తోటలలో, అడవి అంచులలో బరి ఏర్పాటు చేసినప్పుడు ఆసుపత్రి దూరమవుతుంది. గాయాల సంఖ్య పెరగకపోయినా రెండవ భాగం పెరుగుతుంది. పట్టణానికి దగ్గరి బరులలోని అనుభవాన్ని బట్టి అడవి అంచు బరి ప్రమాదాన్ని అంచనా వేయరాదు.

పదేపదే ఆడటం వలన పెరిగే ప్రమాదాన్ని కూడా ఇక్కడ గమనించవలెను. కత్తి కట్టే వ్యక్తికి ఒక్కొక్క పందెంలో తీవ్రగాయమయ్యే అవకాశం వెయ్యికి ఒకటి అని ఊహిద్దాము. ఇది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే. రోజుకు 20 పందాల చొప్పున మూడు రోజులు, పది సంక్రాంతులు పనిచేస్తే మొత్తం 600 పందాలు. ఈ కాలంలో కనీసం ఒక్కసారైనా తీవ్రగాయమయ్యే సంభావ్యత సుమారు 45 శాతం. "వెయ్యికి ఒకటి" అని విన్నప్పుడు కలిగే ధైర్యం ఈ అంకె విన్నప్పుడు కలగదు. రెండూ ఒకే ప్రమాదాన్ని చెప్పే అంకెలే.

నమోదులో సరిహద్దు మరొక చిక్కు తెస్తుంది. జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం మరణం జరిగిన చోటనే అది నమోదవుతుంది. సరిహద్దు ఆవల బరిలో గాయపడినవాడు ఖమ్మం ఆసుపత్రిలో కన్నుమూస్తే, మరణం ఒక రాష్ట్రంలో, దాని కారణం మరొక రాష్ట్రంలో ఉంటాయి. పందెం చట్టవిరుద్ధం కావడం వలన గాయపడినవారు వైద్యునికి అసలు కారణం చెప్పక, పనిలో కొడవలి తెగిందనో, ఇనుపరేకు గీసుకున్నదనో చెప్పే అవకాశం ఉన్నది. పందాలలో అప్పులపాలై ఆత్మహత్య చేసుకున్నవారు అప్పుల శీర్షిక కింద చేరితే, జూదం పేరు ఆ లెక్కలో కనబడదు.

ఇందుకు విరుద్ధమైన వక్రీకరణ కూడా ఉన్నది. కోడి వలన మనిషి చనిపోవడం విచిత్రంగా ఉండటంతో 2021 నాటి ఘటన విదేశీ పత్రికలలో కూడా వచ్చింది. అరుదైన మరణం ప్రపంచమంతా తెలియగా, తెగిన వేళ్ళు, కుట్లు పడిన చేతులు ఏ పత్రికలోనూ రావు. వార్తలను మాత్రమే చదివేవారు మరణాలను ఎక్కువగా, గాయాలను తక్కువగా ఊహించుకుంటారు.

చట్టం

కోడి పందాలు జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 ప్రకారం నిషిద్ధం. పందెం కాయడం ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 1974 కింద నేరం. తెలంగాణలో కూడా ఆ చట్టమే తెలంగాణ గేమింగ్ చట్టంగా అమలులో ఉన్నది. ఈ నిషేధాన్ని అమలు చేయాలని 2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి ఉన్నత న్యాయస్థానం ఆదేశించింది. ఆ తరువాత కూడా సంక్రాంతికి పందాలు జరుగుతూనే వచ్చాయి.

పోలికగా గోదావరి వరదలు

వరద ఆట కాదు. అయితే అవకాశాన్ని బట్టి ప్రాణాలను పణంగా పెట్టే నిర్ణయాలు వరద విషయంలోనూ ఉంటాయి. ఇల్లు ఖాళీ చేయాలా, పొంగే వాగును దాటాలా అన్నవి అటువంటివే. భద్రాచలం వద్ద గోదావరికి 43 అడుగుల వద్ద మొదటి, 48 అడుగుల వద్ద రెండవ, 53 అడుగుల వద్ద మూడవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. నీటిమట్టం 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 1990 ఆగస్టులో 70.8 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరింది.

మొదటి రెండు వరదల మధ్య నాలుగేళ్ళే గడిచాయి. తరువాతి వరదకు 32 ఏళ్ళు పట్టింది. "ఇంత వరద వచ్చింది, ఇక మన కాలంలో రాదు" అని 1986లో అనుకున్నవారికి 1990 సమాధానమిచ్చింది. "ముప్పై ఏళ్ళుగా రాలేదు" అన్నవారికి 2022 సమాధానమిచ్చింది. ఇంజనీర్లు "వందేళ్ళ వరద" అనేది ఏ సంవత్సరంలోనైనా నూటికి ఒకటి సంభావ్యత గల వరదను. వందేళ్ళకు ఒక్కసారే వస్తుందని దాని అర్థం కాదు. ఆ సంభావ్యత మారకుండా ఉంటే, 30 సంవత్సరాలలో అటువంటి వరద కనీసం ఒకసారి వచ్చే అవకాశం సుమారు 26 శాతం. వర్షపాతం, నదీ పరిస్థితులు మారితే ఈ అంకె కూడా మారుతుంది.

గణాంకాలను చదవవలసిన తీరు

ప్రాణాంతకమైన ఆట గురించి గాని, ప్రమాదం గురించి గాని ఒక అంకె విన్నప్పుడు ఈ క్రింది ప్రశ్నలు వేసుకోవడం మంచిది.

* ఈ రేటులో హారం ఎవరు? చూపరులా, పాల్గొన్నవారా, ఊరంతానా?
* ఇది ఒక్కసారికి చెప్పిన ప్రమాదమా, సంవత్సరానికా, జీవితకాలానికా?
* చెప్పేవారు బతికి బయటపడినవారేనా? చనిపోయినవారి లెక్క ఎక్కడ ఉన్నది?
* సగటు చెప్పారా, మధ్యగతం చెప్పారా?
* సున్నా అని చెప్పినప్పుడు ఎన్ని ప్రయత్నాలపై ఆ సున్నా వచ్చింది?
* సంఘటనను దాచడానికి ఎవరికైనా కారణం ఉన్నదా?

చివరిగా, సంభావ్యత లెక్కలో నష్టపు పరిమాణం కూడా చేరవలెను. పందెంలో పోయిన సొమ్మును మరొకనాడు సంపాదించవచ్చును. ప్రాణనష్టం విషయంలో మరొక ప్రయత్నం ఉండదు కాబట్టి, "సగటున లాభమే" అన్న వాదన అక్కడ చెల్లదు.

ఇవి కూడా చూడండి

* సంభావ్యత
* గణాంకశాస్త్రం
* కోడి పందెం
* కల్యంపూడి రాధాకృష్ణారావు
* నలోపాఖ్యానం
* భద్రాచలం
* గోదావరి